ఇరవై నుంచి వెనక్కి

నరసాపురంలో, మాధవాయిపాలెం రేవుకెళ్లే దారిలో
రొయ్యల మేత కొట్టు పైన నా గది.
కింద బస్తాలు దించుతుంటే
చేపపొడి వాసన మెట్లెక్కి వస్తుంది.
ముందు దానికి క్షమాపణ చెప్పి
ఆ తర్వాతే, 'గాలి మెల్లగా పీల్చండి' అంటాను.

మార్తమ్మ గారికి నిద్ర లేక పదకొండు నెలలు.
పంటు దిగుతుంటే చెల్లెలి చెయ్యి
తన చేతిలోంచి...
అంతవరకే చెప్పేది. అక్కడ గొంతుకి గడియ పడేది.

'కళ్లు మూసుకోండి. మెట్లు దిగుతున్నారు.
ఇరవై, పంతొమ్మిది...'
'మా ఇంటికి మెట్లు లేవండి.'
'పోనీ, రేవు మెట్లు.'
'ఆయ్, ఆటి మీద పాచండి బాబూ. దిగలేను.'

నేను చదివిన పుస్తకాల్లో
నున్నటి మెట్లే. ఎక్కడా పాచి లేదు.

ఊరికే కూర్చోలేక సంచిలోంచి లేసు తీసింది.
సూది, తెల్ల దారపుండ.
'మీరు చెప్తా ఉండండి. చేతుల దారి చేతులదే.'

చెప్పాను. ఎంతవరకు చెప్పానో తెలీదు.
సూది మునిగి, దారాన్ని కొక్కేనికి తగిలించుకుని, తేలి,
మళ్లీ మునిగి,
బస్తాల చప్పుడు దూరమైంది.
ఫ్యాను ఇంకా దూరమైంది.
చిన్నప్పుడు ఊడ్పుల నాడు గట్టు మీద కూర్చుని
వంగిన నడుములు వెనక్కి, వెనక్కి
నడుస్తూ పోవడం చూస్తూ
ఒళ్లో అన్నం గిన్నె మరిచిపోయిన మధ్యాహ్నం.
అప్పుడు నన్నెవరూ అంకెలు లెక్కపెట్టమనలేదు.
అమ్మ దాన్ని 'పరాకు' అనేది.
మొట్టికాయతో లేపేది.

ఆ మధ్యాహ్నంలోకి ఒక గొంతు వచ్చింది,
కుట్టుకొక మాటగా:
'దాని చెయ్యి జారలేదండి.
నేనే వదిలేశాను.
రెండో చేతిలో చంటోడున్నాడు.'

సూది ఆగలేదు.
నేనేమీ అనలేదు.
అనడానికి నేను గదిలో పూర్తిగా లేను.
ఈ సంగతి ఫైల్లో రాయలేదు.

అవతల సఖినేటిపల్లి పంటు హారన్ కొట్టింది.
ఇద్దరం ఒక్కసారే ఉలిక్కిపడ్డాం.
గంటన్నర అయిపోయింది.
ఆమె ఒళ్లో జానెడు తెల్లపూలు,
మధ్యలో ఒకచోట కుట్టు తప్పి చిన్న కన్నం.

'ఇప్పేసి మళ్లీ అల్లుతారా?'
వేలు దూర్చి చూసుకుంది కాసేపు.
'ఇప్పితే మొత్తం ఊడొస్తదండి.
ఉండనీండి. అదెక్కడుందో నాకు తెలుసుగా.'

వెళ్తూ డబ్బులిస్తే సిగ్గేసింది.
పుచ్చుకున్నాను.
రసీదు మీద తారీఖు వెయ్యబోతే
ఎంతకీ గుర్తు రాలేదు.