నలభై ఐదు డిగ్రీల లోపు

రోహిణి కార్తె.
ఆటోనగర్‌లో మా రేకుల షెడ్డు కింద
పానా ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమనే మధ్యాహ్నం
ప్రభుదాసు బండి వచ్చింది.
ఐసు దిమ్మలు మోసే పికప్పు,
వెనక నీళ్ళు కారుతూ
ముందు గేరు జారుతూ.

రెండు నుంచి మూడుకి పడేటప్పుడు
ఎవరో జబ్బ పట్టుకుని గుంజినట్టు ఒక కుదుపు.
క్లచ్చి లేని ఆటోమేటిక్ అది.
మోకాలి కింద ఎడమ కాలు లేని మనిషి
ఇంకే బండి నడుపుతాడు?

ఈ ఆయిలు బండి ఉన్నన్నాళ్ళూ ఉంటుందని
అమ్మినవాళ్ళు చెప్పారట.
ఎవరి ఆయుష్షు లెక్కన చెప్పారో!
లక్షా నలభై వేల కిలోమీటర్లు.
డ్రెయిన్ బోల్టు తిప్పగానే దిగింది
మూడ్రోజులు బజ్జీలు వేగిన మూకుడు అడుగు నూనెలా,
నల్లగా, మాడు వాసనతో.

మా ఖాసిం మేస్త్రి ఉంటే
రెండు వేళ్ళ మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని
"బతుకుద్ది" అనో, "ఇప్పెయ్" అనో ఒక్క మాట అనేవాడు.
నేను మూడుసార్లు నలిపాను.
ఏమీ అనలేకపోయాను.

పాను దించితే సగం ఆయిలు నా మోచేతి మీదే.
అడుగున నాలుగు అయస్కాంతాలు,
వాటి మీద బూడిదరంగు నూగు,
పురిటి బిడ్డ తల మీది జుట్టంత మెత్తగా.
గుడ్డతో తుడిచి లైటుకి ఎదురు పెట్టి చూశాను.
నూగే. ముక్కల్లేవు.
అరిగింది గాని విరగలేదు.
ప్రభుదాసు స్టూలు మీంచి వంగి "ఏంటంట?" అన్నాడు,
రిపోర్టు కోసం ఆసుపత్రి వరండాలో నిలబడ్డవాడిలా.

పాత ఫిల్టరు ఊడింది, దాని రబ్బరు రింగు ఊడలేదు.
నాగూరు తన సన్న వేళ్ళు పెట్టి తీశాడు.
పన్నెండేళ్ళ కిందట ఆ వేళ్ళు నావి.

కొత్త ఆయిలు ఎర్రగా,
జాడీలో పైకి తేలిన ఆవకాయ నూనెలా.
"గుంటూరు కారం కలిపారేంటన్నా?"
వాడి మాటకి ముగ్గురం నవ్వాం.

ఇక చిక్కంతా ఇక్కడే.
దీనికి డిప్‌స్టిక్కు లేదు.
ఇంజను నడుస్తుండగా గేర్లన్నీ ఒకసారి తిప్పి
కింద లెవెలు బోల్టు విప్పాలి.
ధార సన్నబడి చుక్కలయ్యే వేళ బిగించాలి.
అప్పటికి ఆయిలు నలభై ఐదు డిగ్రీలు దాటకూడదు.
ఆ పుస్తకం రాసినవాడు
బెజవాడ ఎండలో ఒక్క పూటైనా నిలబడ్డాడా?
తాళం తిప్పకముందే స్కానర్లో నలభై ఆరు.

ప్రభుదాసు గోనెలో ఐసు ముక్క పట్టుకొచ్చి
గేరుబాక్సుకి ఆనించమన్నాడు.
వద్దన్నాను.
పగలగొట్టి గ్లాసుల్లో వేసుకుని తాగాం.

తెల్లారగట్ల చేద్దామనుకున్నాం.
అతను బెంచీ మీద పడుకున్నాడు,
కాలు విప్పి గోడకి ఆనించి.
దాని చెప్పుకీ మట్టి.
చీకట్లో ఎప్పుడో అన్నాడు:
"లారీ మీద ఉండగా పోయింది.
ఇప్పటికీ గేరు మారినప్పుడల్లా
ఆ కాలే క్లచ్చి తొక్కుద్ది.
ఈ మధ్య కుదుపొచ్చినప్పుడు
లేని పిక్కలో పోటు."

నేనేం మాట్లాడలేదు.
నాకు గేర్లు తెలుసు, అంతే.

నాలుగున్నరకి స్కానర్లో ముప్పై మూడు.
స్టార్టు చేశాడు.
ముప్పై ఆరు. ముప్పై తొమ్మిది.
వీపు కింద అట్టముక్క, మొహానికి రెండు జానల ఎత్తున బండి.
నలభై ఒకటి దగ్గర ధార
ఎర్ర దారమైంది,
తెగింది,
చుక్కలైంది.
బిగించాను.

బెంజి సర్కిల్ నుంచి వారధి దాకా ఒక చక్కరు.
రోడ్డంతా మాదే.
నేను డాష్‌బోర్డు మీద అరచెయ్యి పెట్టి విన్నాను.
ఒకటి. రెండు.
నది మీదికి వచ్చేదాకా అతను నోరు విప్పలేదు.
"మూడు పడిందా?" అన్నాడు.
"నాలుగులో ఉన్నావు."

ఎడమ చేత్తో తొడ తడుముకున్నాడు,
పక్కలో ఎవరైనా నిద్రపోయారేమో
చూసుకున్నట్టు.