ఉత్తరపు గోడ వైపు

శనివారం నా వంతు.
తాళంచెవి నా అరచేతికంటే పొడుగు,
తలుపు భుజంతో తోస్తే తప్ప కదలదు.
ముందు గబ్బిలాల పెంటికలు ఊడుస్తాను,
తర్వాత ఇత్తడి, ఆ తర్వాత పూలు,
ఆఖరున తొట్టి.

నడుమెత్తు రాతి తొట్టి.
ఎవరు చెక్కారో పేరు లేదు.
చుట్టూ పదకొండు కమానులు. పన్నెండో దానికి
చోటు చాలక, మిగిలిన సందులో
ఒక చేపని ఇరికించాడు.
లెక్క తప్పిన ఆ మనిషంటే నాకు మొదట్నించీ ఇష్టం.

అంచు మీద తుప్పు మరక,
ఇనప కొక్కెం విరిగిన చోటు.
ఒకప్పుడు మూతకి తాళం వేసేవారట,
మంత్రగత్తెలు నీళ్లు ఎత్తుకుపోతారని.
మా నాయనమ్మ మాత్రం అనేది:
మంత్రాలూ లేవు, మశానమూ లేదు,
ఒళ్లు కాలిపోయే బిడ్డని చంకనేసుకున్న తల్లి
ఏ నీళ్లని వదిలిపెడుతుంది?

రాజుకీ పార్లమెంటుకీ పొసగని రోజుల్లో
సైనికులొచ్చి దేవదూతల ముక్కులు చెక్కేశారు.
తొట్టిని దొర్లించుకుపోయి గుమ్మం బయట పడేశారు.
స్కోల్స్ వాళ్లు దాన్ని గుర్రంతో ఇంటికి లాక్కెళ్లారు.
నూట తొంభై ఏళ్లు
పందులకి కుడితి తొట్టి.

ఆ దొడ్లో ఒక కొత్త పాదిరి
బూట్ల బురద దాని అంచున గీకుతుంటే
నాచు కిందనించి చేప కన్ను చూసింది.
ఇమ్మంటే జేబెజ్ స్కోల్స్ అన్నాడట:
"ముందు నా పందులకి కొత్తది తెచ్చిపెట్టు."
ఆ ఖర్చు చర్చి లెక్కల పుస్తకంలో ఉంది,
పద్నాలుగు షిల్లింగులు.
పక్కన ఎవరో ఎర్ర సిరాతో: అన్యాయం.

రిజిస్టర్లు ఇప్పుడు పట్నంలో, ఇనప బీరువాలో.
చిన్నప్పుడు మా ఇంటి పేరున్న పేజీ చూశాను.
ఆబెల్, కెజియా, ఆబెల్, మళ్లీ ఆబెల్.
పోయినవాడి పేరే వచ్చినవాడికి,
చొక్కా దించుకున్నట్టు.

రిజిస్టరుకెక్కని వాళ్లు ఉత్తరపు గోడ అవతల ఉంటారు.
తలమీద నీళ్లు పడేలోపే పోయిన పసిగుడ్లు.
పొద్దుగూకాక, సబ్బుపెట్టెలో,
మంత్రసాని టామసిన్ కోటు చాటున వెళ్లేవాళ్లు.
మా అమ్మ ఏటా మార్చిలో ఒకరోజు
అటువైపు గడ్డి కోయడానికని వెళ్లేది.
కొడవలి ఇంట్లోనే ఉండేది.

పోయినేడు గోడకి చెమ్మెక్కుతోందని
ఎనక్ డ్రూరీ పునాది పక్కన తవ్వాడు.
తొట్టి అడుగున చిల్లుంది. వాడిన నీళ్లు
మురుగులో కలవకూడదని
నేరుగా మట్టిలోకి దించుతారు, అది అందరికీ తెలుసు.
ఆ నీళ్లు ఎటు పోతాయో ఎవరూ చూడలేదు.

"నేల ఇటు వాలుగా ఉంది, వినిఫ్రెడ్," అన్నాడు
పారతో గీత గీస్తూ.
"పందుల కాలం తీసేసినా
ఆరొందల ఏళ్ల పైమాటే,
ప్రతి బొట్టూ ఇటే."
పార ఎటు చూపిస్తోందో ఇద్దరం చూశాం.
అక్కడ గడ్డి ఎప్పుడూ ముందే పచ్చబడేది,
నీడ వల్ల అనుకునేవాళ్లం.
అతను తెచ్చిన పైపుని మళ్లీ బండిలో వేసుకుని
గుంట పూడ్చేశాడు.
చెమ్మెక్కితే ఎక్కనీ.

ఇక్కడ ఆఖరి బాప్తిస్మం జరిగి పదకొండేళ్లు.
ఆదివారం ఆరుగురం, వాన పడితే నలుగురం.
తొట్టి తుడవడానికి ఒక జగ్గు నీళ్లు చాలు.
రెండో జగ్గు ఇంటినించే వెచ్చబెట్టి తెస్తాను,
మార్చి కదా.
బిరడా తీసి పోస్తాను.
గుడగుడమని దిగేదాకా నిలబడతాను.

ఏం పేరు అనుకుందో మా అమ్మ చెప్పలేదు.
మగపిల్లాడైతే ఆబెల్ అయ్యుంటుంది.
మా ఇంట్లో అందరూ ఆబెల్లే.