లేస్తేనే వస్తాది సార్

ఇసకపల్లి పాలెంలో మా బడికి చెట్టు లేదు.
ఉన్న నీడంతా గోడదే.
పొద్దున పడమటి పక్క, అన్నాలయ్యాక తూరుపు పక్క,
పిలకాయల్ని నీడ వెంబడి జరుపుకుంటా పాఠం చెప్తాను.

మొదట్లో నేనూ అందరి మాదిరే
ఇంగ్లీషుని బోర్డు మీద ఆరేశాను.
పుల్ అంటే లాగడం, పుష్ అంటే నెట్టడం,
పదిసార్లు చెప్పండి.
చెప్పారు పాపం, పదకొండుసార్లు.
మధ్యాహ్నం గుడ్డు తినేసరికి
పుల్ నెట్టడమైంది, పుష్ లాగడమైంది.
అల్లూరు బ్యాంకు తలుపు ముందర
నాదీ అదే బతుకు కాబట్టి
ఎవర్నీ ఏమీ అనలేకపోయాను.

ఒక ఆదివారం అలివి వల లాగతా ఉండారు.
తాడు చివర్న, పెద్దోళ్ళ సందులో,
మా రెండో తరగతి సముద్రాలు.
మడమలు ఇసకలో పూడేసి
వీపు సగం నేలకి వాల్చి, పళ్ళు బిగించి.
"పుల్లు రా అబయా!" అన్నాను ఊరికే.
వాడు నా వైపు తిరగలేదు.
ఊపిరి వదిలినప్పుడల్లా మాత్రం
పుల్... పుల్... అని
ఆ మాట వాడి నడుములోంచి వస్తా ఉంది.

మర్నాడు చాపలు చుట్టి పక్కన పెట్టాను.
కామాక్షి వాళ్ళ నాయన పాత మోకు ఒకటి ఇచ్చాడు.
పుల్‌కి మోకు.
పుష్‌కి గట్టున బోర్లించిన పగుళ్ళ పడవ,
అది కదలదని అందరికీ తెలుసు, అయినా నెట్టారు.
స్టాంప్ అంటే పోస్టాఫీసుది కాదర్రా, తొక్కడం, అన్నాను.
అప్పుడు ముందుకొచ్చింది చెంగాళి.
ఉప్పు కొఠార్ల కాడ నుంచి నడిచొచ్చే పిల్ల,
చేరి నెల దాటినా నోరు విప్పని పిల్ల.
వాళ్ళమ్మతో ఉప్పు మళ్ళు తొక్కిన పాదాలు కదా,
మడమ, మునివేళ్ళు, మడమ, మునివేళ్ళు,
నేల గట్టిపడిందా లేదా అని
వొంగి చూసుకుంటా తొక్కింది.
మాట పైకి అనలేదు.
నేనూ అడగలేదు.

జంప్ దగ్గర నేనే చిక్కుకున్నా.
యాభై మూడేళ్ళ మోకాళ్ళు.
కుర్చీ చేతి మీద రెండు వేళ్ళు దూకించి చూపిస్తే
సముద్రాలు కాసేపు ఆలోచించి
తన దూకుడు ఒకటి, నా దూకుడు ఒకటి,
రెండూ వాడే దూకాడు.
ఆ రోజు నుంచి అదే లెక్క.

నెల్లూరు నుంచి ఒక సారొచ్చాడు, ట్యాబు పట్టుకుని.
చేతులు కట్టుకోండి, కదలబాకండి అన్నాడు.
జంప్ అంటే ఏంది?
ఎవరూ పలకలేదు.
పుల్ అంటే?
నాకు వాళ్ళ మోకాళ్ళు కనిపిస్తా ఉండాయి,
చెప్పబోయి ఆగిపోతా ఉండాయి.
ఆయన వేలు సున్నా మీదకి పోతా ఉంటే
వెనక నుంచి ఒక గొంతు,
ఆ గొంతు నేను అప్పుడే వింటం:
"లేస్తేనే వస్తాది సార్."
చెంగాళి.

సరే లేవండి అన్నాడు, పొరపాటున.
ఇరవైమూడు మంది లేచారు.
జంపులు, పుల్లులు, గది నిండా దుమ్ము,
మధ్యలో నా పేరున దూకే దూకుళ్ళు,
స్టాంప్ స్టాంప్ అని అరుస్తా చెంగాళి,
కిటికీ రెక్క ఊడి కింద పడింది.
సారు చెయ్యి పైకెత్తి "స్టాప్!" అన్నాడు.

ఆగారు.
ఒకడు ఒంటికాలి మీదే.
ఆ మాట నేను ఇంకా చెప్పలేదు.
చెప్పింది ఆయన చెయ్యే,
ఆయనకి తెలిసిందో లేదో.
ట్యాబులో ఏదో రాసుకుని, దుమ్ము దులుపుకుని
బస్సుకి టైమవుతుందని పోయాడు.

మొన్న పింఛను కాగితాల పనిమీద అల్లూరు పోయాను.
బ్యాంకు తలుపు మీద అవే నాలుగు అక్షరాలు.
చెయ్యి పిడి మీదకి పోయింది, అలవాటు కొద్దీ.
ఆగాను.
ఇది పడవ కదా అనుకుని
భుజం ఆనించి, మడమలు తన్నిపెట్టి
ఒక్క తోపు తోశాను.

అంత బలం అక్కర్లేదంట.
లోపల క్యూలో జనమంతా ఇటు తిరిగారు.