రెండంగుళాలు

కీల్పాక్‌లో మా ల్యాబు నాలుగో అంతస్తు.
కిటికీలు లేవు.
బయట ఎండో వానో
లిఫ్టు దిగినవాళ్ళ చెప్పుల్ని బట్టి తెలుస్తుంది.

ఇక్కడ ఎక్కువ మాట్లాడక్కర్లేదు. అందుకే చేరాను.
‘ప’ దగ్గరా ‘మ’ దగ్గరా నా నాలుక
ఇప్పటికీ చూళై సందులో ఇరుక్కున్న బస్సు.
పిండాలు తొందరపెట్టవు.
ముప్ఫై ఏడు డిగ్రీల చీకట్లో
ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి.
నా వాక్యాన్ని మధ్యలో అందుకుని
పూర్తి చేసిపెట్టవు.

పోయినేడు పెరంబూరు నించి ఒక జంట.
పెద్దవాడికి మూడు వారాలకోసారి నెత్తురెక్కించాలి.
చేతుల మీది సూది గుర్తులు చూపించి
‘చీమలు’ అని నవ్వేవాడు.
రెండో బిడ్డకి ఆ చీమలు వద్దన్నారు.
వద్దనే అన్నాను నేనూ.
గాజుసూది పట్టిన చెయ్యి వణకలేదు.
చెల్లెలు పుట్టింది. పెట్టెడు పాలకోవా వచ్చింది.

తర్వాత ఈ ఫైలు.
ఇళమతి, గోకులన్, అణ్ణానగర్.
జబ్బులేం లేవు. ఆరు పిండాలు, ఒక జాబితా.
ఎత్తు.
లెక్కల్లో చురుకు.
నిద్ర తక్కువైనా అలిసిపోకపోవడం.
చూపు.
ఐదో గడిలో, నత్తి ఉండకూడదు.
టిక్కు ఎంత గట్టిగా పెట్టారంటే
కాగితం వెనకవైపు వేలికి తగిలింది.

చెడ్డవాళ్ళు కారు.
ఆయన తమ్ముడు ఇంటర్వ్యూలో
తన పేరు తను చెప్పలేక
లేచి వచ్చేశాడట, గొడుగు అక్కడే మర్చిపోయి.
‘మీ బిడ్డయితే మీరు వద్దంటారా?’ అంది ఆమె.
జవాబుంది నా దగ్గర.
‘మ’తో మొదలవుతుంది.
రాలేదు.
ఆమె మర్యాదగా ఎదురుచూసింది,
ఆ తర్వాత ఆమె కళ్ళు ఐదో గడి మీదికి వెళ్ళి
చటుక్కున వెనక్కొచ్చాయి.

అమ్మ స్కూలు యూనిఫారాలు కుట్టేది.
కొలతలు తీసేది గానీ కొలతకి కుట్టేది కాదు.
అంచు లోపల రెండంగుళాలు మడిచి
లూజు కుట్టుతో ఊరికే అంటించేది.
ఇంత గుడ్డ వృథా ఎందుకని గొణిగే తల్లులకి
‘పైది మీ పిల్ల ఒంటికి, లోపలిది
మీకింకా తెలీని పిల్లకి’ అనేది
నోట్లో గుండుసూదులు పెట్టుకునే.
మళ్ళీ జూన్‌లో విప్పితే
ఆ మడతలో ఎండ తగలని నీలం,
పక్క గుడ్డని వెలవెలబోయేలా చేస్తూ.

ఆ మడత ఈ రిపోర్టులో ఏ అంకె కింద ఉందో
నాకు తెలీదు.
చిరుగుకి మాసిక వేయడం వేరు,
అసలు పన్నానే మార్చడం వేరు
అనుకుని నిద్రపోవచ్చు. చాలా రాత్రులు పోయాను.
కానీ ఆ సూదికీ ఈ సూదికీ మొన ఒకటే.
ఎక్కడ ఆగాలన్నది
మైక్రోస్కోపు ఎంత తిప్పినా కనపడదు.

ఇంకో నిజం కూడా చెప్పాలి.
పదేళ్ళప్పుడు, హాజరు పిలిచేవేళ
నత్తికి మందుందని ఎవరైనా అనుంటే
సీసాతో సహా మింగేదాన్ని.
అయితే అడిగేదీ నేనే, మింగేదీ నేనే.
ఇక్కడ అడుగుతున్నది ఒకరు.
మింగబోయే నోరు
ఇంకా రాలేదు.

ర్యాంకులొచ్చాయి. మూడోది మొదటిది.
ఇవాళ పొద్దున్నే మంచులోంచి తీసి కరిగించాను.
మధ్యాహ్నానికి ఊపిరందినట్టు ఉబ్బి
పొర చీల్చుకోడం మొదలెట్టింది.
సగం బయటికి, సగం లోపల.
అన్ని గడుల్లోనూ నెగ్గిన పిండం
ఏదో మాట
మొదటి అక్షరం దగ్గర ఆగినట్టు ఆగింది.

బయట ఇళమతికి గౌను తొడుగుతున్నారు.
డాక్టరు రెండుసార్లు ఫోన్ చేసింది.
నేను తొందరపెట్టలేదు.