అడ్డంగా

సోమవారం నుంచి శుక్రవారం దాకా
కాదనడమే నా ఉద్యోగం.
టైరు గాడిలో కొలపుల్ల దింపి చూస్తాను.
ఒకటీ పాయింటు ఆరు మిల్లీమీటర్లు.
వెంట్రుకవాసి తగ్గినా కాగితం వెనక్కి ఇచ్చేస్తాను.
బతిమాలేవాళ్లుంటారు.
రోడ్డు ఎవరికీ చుట్టం కాదండీ అంటాను.

ఆదివారం తెల్లారకముందే
నేను కాదన్న ఆ టైర్లే ఓ పన్నెండు
వ్యానులో పేర్చుకుని
అంచుల్లో ఇంకా మంచు కరగని కొండెక్కుతాను.
మిత్సుయో వాటిని పొగ చేస్తుంది.

కువాబారా మిత్సుయో.
బడి వంటశాలలో ఆరువందలమందికి సూపు కలిపే మనిషి.
గరిటె తిప్పీ తిప్పీ గట్టిపడిన మణికట్టు.
జీతం వచ్చిన రోజు ముందు అద్దె, తర్వాత పెట్రోలు,
మిగిలితే కూర.

కారు పాత చేజర్. నాలుగు తలుపులది.
ఎవరో బ్యాంకు మేనేజరు
ఒక్కసారైనా హారన్ కొట్టకుండా నడిపి ఉంటాడు.
ఇప్పుడు వెనక సీటు లేదు, ఏసీ లేదు, పరువూ లేదు.
బంపరు మూడుచోట్ల పగిలితే
ప్లాస్టిక్ పట్టీలతో కుట్టాను.
ఇక్కడ కుట్లు దాచరు.
పక్కవాడు వంగి లెక్కపెట్టి, తల ఊపి పోతాడు.

అడ్డంగా తిరగొద్దని చెప్పే పెద్దలు
ఏ దేశంలోనైనా ఉంటారు.
ఈ కొండమీద అదొక్కటే చదువు.
మలుపు ఇంకా ఇరవై గజాలుండగానే
చేతిబ్రేకు గుంజుతుంది.
వెనక చక్రాలు నేలకిచ్చిన మాట తప్పుతాయి.
తోక ముందుకొచ్చేస్తానని మారాం చేస్తుంది.
ఆమె స్టీరింగు ఎదురు తిప్పి
రమ్మనదు, వద్దనదు.
నిద్రలో మంచం అంచుకి దొర్లిన బిడ్డని
లేపకుండా పట్టుకున్నట్టు
ఆ మధ్యలోనే పట్టుకుని ఉంటుంది.

ముక్కు చూసేది ఒకవైపు, బండి పోయేది ఒకవైపు.
ఎడమ మలుపులో ఆమె ముందు అద్దంలోకి చూడదు,
తన పక్క తలుపు అద్దంలోంచి చూస్తుంది,
వీధిలో ఎవరో పిలిచినట్టు.

ఈ ఆటలో గడియారం లేదు.
మంచెమీద ముగ్గురు కూర్చుని
ఎవరు ముందు అని అడగరు,
ఎలా వచ్చావు అని అడుగుతారు.

ఆ రోజు జోడీ పందెంలో ఇనోమతా కుర్రాడు.
పంతొమ్మిదేళ్లు, వెల్డింగు పని నేర్చుకుంటున్నాడు.
వాడిది క్రెస్టా, మా చేజర్‌కి వేలువిడిచిన తమ్ముడు.
గీత దగ్గర టంగుమని ఓ చప్పుడు.
వెనక ఇరుసు విరిగింది.
వాడి జట్టంతా ఫోను లైటు పట్టుకున్న అక్క ఒక్కతే.
అయిదు నిమిషాలు టైమిచ్చారు.

మిత్సుయో నావైపు చూసింది.
"మన దగ్గర ఒకటుంది కదా."
ఉంది. ఒకటే ఉంది.
నేను తడి కంకరమీద వెల్లకిలా పడుకుని
మా ఇరుసు వాళ్ల బండికి ఎక్కించాను.
బోల్టు బోల్టుకీ లోపల తిట్టుకున్నాను.
కళ్లలో నూనె పడింది.
పక్కనే వాడి టైర్లు.
చూడకూడదనుకుంటూనే కొలిచాను.
సున్నా.

వాడే గెలిచాడు.
ఆమె తలుపుకి అరచెయ్యంత దూరంలో
చివరిదాకా అంటిపెట్టుకుని వచ్చి మరీ గెలిచాడు.

మిత్సుయో నవ్విందని రాస్తే అబద్ధం.
చల్లారిన అన్నం ముద్ద తింటూ
చాలాసేపు గోడవైపే చూసింది.
"ఇంకో జానెడు పోనిచ్చి ఉండాల్సింది."
చీకటిపడే వేళ ఆ కుర్రాడొచ్చాడు.
విరిగిన ఇరుసుని తువ్వాల్లో చుట్టి తెచ్చి
నడుము విరిగేలా వంగాడు.
వచ్చే నెల కొత్తది కొనిస్తానన్నాడు.
"కొత్తది నువ్వే ఉంచుకో.
వచ్చే నెల ఇంకా దగ్గరగా రా."

తిరుగుదారిలో ఎనభై దాటలేదు.
ప్రతి మలుపుకీ ఇండికేటరు వేసింది.
నేను ముక్కు చీదితే రుమాలంతా నలుపు.

సోమవారం పొద్దున్నే
ఓ ముసలావిడ, క్యాబేజీ మట్టి అంటిన చిట్టి ట్రక్కు.
కొలపుల్ల దింపాను.
ఒకటీ పాయింటు ఏడు.
ముద్ర వేశాను.
"ఇంకెన్నాళ్లు వస్తాయి నాయనా?"

"తిన్నగా పోతే
చలికాలం దాకా."