లాభం, రెండు, మూడు

హడర్స్‌ఫీల్డ్ మార్కెట్ హాల్లో
నా ఇనప సామాన్ల కొట్టుకి
పదకొండు దాటినా బోణీ కాలేదు.
రేకుల కప్పు మీద వాన
చిల్లర లెక్కపెట్టుకుంటోంది,
నా గల్లాలో లేని చిల్లర.

అప్పుడొచ్చాడు విల్ఫ్రెడ్ ఆక్రాయిడ్.
టోపీ నీళ్ళు కౌంటర్ మీద కారుస్తూ
కెటిల్ మూత చూపించి
"దీనికి ఒక్క స్క్రూ" అన్నాడు.

విడిగా అమ్మను, యాభై ప్యాకెట్టే, అన్నాను.
ఒక్కటి అమ్మితే
సంచీ ఖర్చు, నిలబడిన కాళ్ళ ఖర్చు,
పుస్తకంలో రాసుకునే సిరా ఖర్చు.
ఇవేవీ అతనికి చెప్పలేదు గానీ
నా మొహం చెప్పే ఉంటుంది.
సరేనని వెళ్ళిపోయాడు.
గెలిచాననుకుని టీ పోసుకున్నాను.

బోణీ బేరం పోనివ్వకూడదని
తెనాలిలో శేషాచలం గారి బియ్యం కొట్లో
ఆరేళ్ళ గుమాస్తాగిరీలో నేర్చిన ముక్క
ఈ ఊరి ముసురుకి నాని పోయింది కాబోలు.

మర్నాడు మళ్ళీ వచ్చాడు.
రింగు రోడ్డు పెద్ద దుకాణం సంచీ విప్పి
నా ముందు కుమ్మరించాడు,
నలభైతొమ్మిది స్క్రూలు.
"నాక్కావలసింది తీసుకున్నా.
మిగతావి నువ్వమ్ముకో."
గొంతులో కోపం లేదు. అదే గుచ్చుకుంది.
డబ్బులివ్వబోతే బస్సు వేళయిందన్నాడు.

ఆ సాయంత్రం ఊరగాయ సీసా కడిగాను.
ఎంత తోమినా ఆవఘాటు పోలేదు.
స్క్రూలు పోసి అట్టముక్క మీద రాశాను:
ఒక్కొక్కటి పది పెన్స్.

శేషాచలం గారు బియ్యం కొలుస్తూ
మొదటి కుంచాన్ని ఒకటి అనేవారు కాదు.
లాభం, అనేవారు.
లాభం, రెండు, మూడు...
ఏడు దగ్గర నాలుక మడిచి, ఆరున్నొకటి.
ఏడుపు కొట్లోకి రాకూడదట.
అప్పుడు నవ్వుకునేవాణ్ణి.
మొదటి కుంచంతో ఎవడూ మేడ కట్టలేదు, నిజమే.
రెండోది మాత్రం ఎప్పుడూ
దాని వెనకాలే నిలబడి ఉండేది.

స్కేట్‌బోర్డు కుర్రాడికి మూడు.
వయొలిన్ పెట్టె పట్టుకొచ్చిన మార్జరీకి రెండు,
వెళ్తూ వెళ్తూ ఒక నిచ్చెన.
అలా అని గొప్పలు పోను,
కరెంటు బిల్లు ముందు
పది పెన్స్ ఎప్పుడూ తల దించుకునే నిలబడుతుంది.

విల్ఫ్రెడ్‌కి ఈ లెక్క చెప్పాను.
ఆవ వాసనకి ముక్కు తుడుచుకుని
"మరి నష్టం ఎన్నో అంకె?" అన్నాడు.
ఇంకా వెతుకుతున్నాను.

నిన్న రాత్రి కొట్టు కట్టేస్తూ చూస్తే
సీసా అడుగున ఒక్కటే మిగిలింది.
ఆరు నెలలుగా వేలాడే నా షట్టరు గొళ్ళానికి
బిగిద్దామని చూశాను.
పట్టలేదు. సన్నం.

దానికి సరిపడేది యాభై ప్యాకెట్లో ఉంది.
చింపాను.
ఒక్కటే కావాలి నాకు.

ఇంకో సీసా కడగాలి.