ఎక్కువ పడ్డ కాపీ

ఇంటర్ అయిపోయి, ఎంసెట్ రాసి,
రిజల్టు కోసం గోళ్ళు కొరుక్కునే ఆ రెండు నెలలు
సోమాజిగూడల ఆస్పత్రికి ఎదురుంగ
మా మేనమామ జిరాక్సు దుకాణంల కూసున్న.
కాయితానికి రెండు రూపాయలు. రెండు దిక్కుల కొడితే మూడు.

మే నెల, మిట్టమధ్యాహ్నం, కరెంటు లేదు.
ఒక పొడుగు పిలగాడు చెమటతోని వచ్చి
ఫైలు కౌంటర్ మీద పెట్టి నిలబడ్డడు.
పాస్‌పోర్టు మీద పేరు మకామె. ఊరు జాంజిబార్.
నాకంటె నాలుగు నెలలు పెద్ద.
నాయిన నడుము ఆపరేషన్‌కు తోడొచ్చిండు.
కరెంటు వస్తదా అని సైగతోని అడిగిండు.
వస్తది అన్న. నలభై నిమిషాలు రాలే.
ఆ నలభై నిమిషాలకు
నేను కరెంటాఫీసుకు రుణపడి ఉన్న.

వాని ఇంగ్లీషు సగం, నా ఇంగ్లీషు సగం.
కలిపితే ఒకటి కావాలె గద, కాలే.
అందుకే కండ్లకు కనపడ్డవాటి పేర్లు అడుగుడు మొదలైంది.
కలం చూపిస్తె "కలాము" అన్నడు.
రంగు, వాళ్ళకు "రంగి".
దుకాణం "దుకా". ముందటికెల్లి పోయే బస్సు "బాసి".
ఫైలు మీది ముద్ర చూపిచ్చి
నేను "బీమా" అన్న, వాడు "బీమా" అన్నడు,
ఇద్దరం ఒక్కసారే.
బీమా అనే మాటకు సిగ్గుపడ్డ మనిషిని
హైదరాబాదుల నేనొక్కదాన్నే అయ్యుంటా.

మీ మాటలు గూడ నోరు తెరిచే ఆగుతయి, అన్న.
వానికి సమజ్ కాలే. ఇడమరిచి చెప్పేటంత భాష నా దగ్గర లేదు.

గల్లీల పోరగాళ్ళు వాని జుట్టు జూసి నవ్విన్రు.
మామ "ఆఫ్రికా గిరాకీ" అని పిలిచిండు, పేరు తెలిసినంక గూడ.
వాడు విన్నడు. ప్రతిసారి చిల్లర సరిగ్గ లెక్కపెట్టి ఇచ్చిండు.
నాకే చెవులు కాలినయి.
నేనేమన్న అన్ననా అంటె, అనలే.
ఆ అననిది ఇంకా గొంతులనే ఉన్నది.

మిరుగం నాడు అమ్మ చిన్న చేపలు నిండుగనే వేపి
డబ్బల పెట్టిచ్చింది.
ఆస్పత్రి ఎనక మెట్ల మీద
వాడు ఒక్క ముల్లు విరగకుండ తిని,
వెన్నెముకను మూత మీద నిటారుగ నిలబెట్టి
"బాబా" అన్నడు.
నవ్వాల్నో ఏడ్వాల్నో తెలవక నీళ్ళ బాటిల్ అందిచ్చిన.
అప్పుడే మొదటి వాన పడ్డది.
రేకు ఒక్కటే, మెట్టు ఒక్కటే, మోచేతులు రెండు.
గంతే. గంతకంటె ఏం గాలే.
గంతకంటె ఏం గావాలె?

రిపోర్టులన్ని నా చేతుల మీదికెల్లే పోయినయి.
లేచి కూసున్నడు.
గోడ పట్టుకొని పది అడుగులు ఏసిండు.
సంతోషపడాలె. పడ్డ.
పడుతనే లెక్కబెట్టిన, పది అడుగులంటె ఇంకెన్ని రోజులని.
ఒక మనిషి నడుస్తుంటె
ఇంకో మనిషికి కాళ్ళు గుంజుడు
ఏ స్కానింగుల కనపడ్తది?

డిశ్చార్జి కాయితాలు, బీమాకు రెండు సెట్లు.
మామ బువ్వకు పోయిండు.
ఆఖరి కాయితం తీసినంక వాడు తన చెయ్యి అద్దం మీద పెట్టిండు.
పక్కన నాది పెట్టిన. మూత పడలే.
పచ్చటి వెలుగు మా వేళ్ళ కిందికెల్లి మెల్లగ పోయింది.
టోనర్ ఒడిసిపోవట్టి
రెండు చేతులు ఒకటే బూడిదరంగుల వచ్చినయి.
వాడొకటి మడిచి పాస్‌పోర్టుల పెట్టుకున్నడు.
ఎక్కువ పడ్డ కాపీ లెక్కల రాయలే.

గన్ని మాటలు కలిసినయి గని ఒక్కటి కలవలే.
రేపు. వాళ్ళది "కేషో".
ఎంత సాగదీసినా కలవలే.
అందుకని ఇంకోటి నేర్పిన.
పోతున్న అనొద్దు మా దిక్కు, పోయొస్తా అనాలె.
పదిసార్లు అనిపిచ్చిన.

కారు ఆగింది. వాళ్ళ నాయిన కట్టె లేకుండనే ఎక్కిండు.
వాడు దుకాణం ముందట నిలబడి, నన్ను జూడకుంట,
మామ దిక్కు తిరిగి గట్టిగ
"పోయొస్తా" అన్నడు.
మామ నోట్లు లెక్కపెడుతుండె.
తల ఎత్తకుండనే, అలవాటుల,
"మంచిది బిడ్డా, పోయి రా" అన్నడు.